ఎర్ర గులాబీలు: మళ్ళీ చూసినప్పుడు



భోజనాల వేళ దగ్గర పడింది కాబట్టి మీ సహనాన్ని ఎక్కువసేపు పరీక్షించను. ఒక్క పాత సినిమా గురించి చెప్పి కూర్చుంటాను.

1978లో భారతీరాజా తమిళంలో తీసిన ‘సిగప్పు రోజాక్కళ్’ మరుసటి ఏడాది ‘ఎర్ర గులాబీలు’గా తెలుగులోకి వచ్చింది. అప్పటికి మనకు కమల్ హాసన్ అంటే ‘మరో చరిత్ర’ బాలు, శ్రీదేవి అంటే ‘పదహారేళ్ళ వయసు’ మల్లి. అలాంటి బాలు ఆడవాళ్ళను చంపి తోటలో పాతిపెట్టిస్తుంటే, వాళ్ళ మీద గులాబీలు పూస్తుంటే, మా కాలేజీ కుర్రాళ్ళందరం బిగుసుకుపోయాం. తర్వాత కొన్నాళ్ళు సందులో నల్లపిల్లి కనిపించినా గుండె ఝల్లుమనేది.

ఈమధ్య తమిళ మాతృకను, అమెరికాలో పుట్టి పెరిగిన మా అమ్మాయితో కలిసి చూశాను. పిల్లి ఈసారి భయపెట్టలేదు. ఇళయరాజా సంగీతం, నివాస్ కెమెరా మాత్రం ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడిచేలా చేశాయి. ఆ సినిమా విడుదలయ్యేనాటికి శ్రీదేవికి 15 ఏళ్ళేనని చెబితే మా అమ్మాయి నోరు వెళ్ళబెట్టింది.

హంతకుడు దిలీప్ అలా ఎందుకు తయారయ్యాడో సినిమా వివరంగా చూపిస్తుంది. వాడు అనాథ. చేరదీసిన ఇంట్లో ఆ ఇంటి అమ్మాయి చేసిన పనికి నింద వాడి మీద పడుతుంది. తర్వాత పెంచుకున్న పెద్దమనిషి, తనను మోసం చేసిన భార్యను వాడి కళ్ళెదుటే చంపుతాడు. ఇదంతా చూస్తే మనకు వాడి మీద జాలి కలుగుతుంది.

అప్పుడు మా అమ్మాయి అడిగింది: “నాన్నా, తోటలో ఉన్నవాళ్ళ ఫ్లాష్‌బ్యాక్ ఏది?”

లేదు. వాళ్ళ గురించి సినిమా చెప్పేది ఒక్కటే, మగవాడితో చనువుగా ఉన్నారని. పద్ధతిగా ఉండే శారద బతుకుతుంది. మిగతావాళ్ళు మొక్కలకు ఎరువవుతారు. నన్ను ఈసారి భయపెట్టింది ఆ లెక్క.

అది ఒక్క సినిమా లెక్కేనా? ఎక్కడైనా ఓ అమ్మాయికి ఘోరం జరిగిందని వార్త వస్తే, “ఆ వేళప్పుడు దానికక్కడేం పని?” అనే మాట మన విందుల్లో, మన సోఫాల మీద వినిపించడం లేదా? చేసినవాడికేమో చెడు సావాసాలో, కష్టాల బాల్యమో వెతికి పెడతాం.

ఈ సినిమా చూడొద్దని నేననను. పెద్దపిల్లలతో కలిసి చూడండి. అయిపోగానే టీవీ కట్టేసి పడుకోకండి. చనిపోయిన అమ్మాయిల్లో ఒకరికి ఒక పేరు పెట్టి, ఒక ఊరు ఇచ్చి, గుమ్మంలో ఎదురుచూసే అమ్మను కూడా ఇచ్చి కథ చెప్పమనండి. మా ఇంట్లో ఆ కథ రాత్రి ఒంటిగంట దాకా సాగింది. అసలు సినిమా కంటే అదే బాగుంది.

సెలవు.