అమెరికా శివారు పాఠశాలలు: ఒక సరిహద్దు కథ



ఢిల్లీలో పబ్లిక్ స్కూలు అనగా హెచ్చు జీతములు పుచ్చుకొను ప్రయివేటు పాఠశాల. అమెరికాలో ఆ మాటకు సరిగా విరుద్ధార్థము. అచ్చట అది ప్రజల పన్నులతో నడచు ఉచిత పాఠశాల. పేరొక్కటే యగుటచే మనవారు తరచు పొరపడుచుందురు.

ఆ పాఠశాలలను నడపునది కేంద్ర ప్రభుత్వము కాదు. పెక్కుచోట్ల పురపాలక సంఘమును కాదు. అందులకు స్కూలు డిస్ట్రిక్టు అను ప్రత్యేక సంస్థ కలదు. మన జిల్లాకును దానికిని పోలిక లేదు. అది కొలది చదరపు మైళ్ళ ప్రదేశమైనను కావచ్చును. ప్రజలెన్నుకొన్న బోర్డు దానిని పాలించును. ఇండ్లపై, స్థలములపై పన్ను విధించు అధికారము దానికుండును. సాధారణముగా బాలుని ఇల్లు ఏ డిస్ట్రిక్టులోనున్న ఆ డిస్ట్రిక్టు బడికే బాలుడు పోవలెను. పట్టణపు ఎల్లలును డిస్ట్రిక్టు ఎల్లలును ఏకీభవింపవలెనను నియమము లేదు. తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడిన టెక్సాస్‌లోని ఫ్రిస్కో పట్టణము నాలుగు డిస్ట్రిక్టుల నడుమ పంచుకొనబడినది. అందుచే ఇల్లు కొనువారు వంటగది చూచుటకు ముందే డిస్ట్రిక్టు పేరడుగుదురు.

ఇంటి విలువను బట్టి పన్ను, పన్నును బట్టి బడి. ఈ ఏర్పాటు ఎచ్చటికి దారితీయునో అదే రాష్ట్రమందలి శాన్ ఆంటోనియోలో తేలినది. నగరపు పడమటి వైపున ఎడ్జ్‌వుడ్ డిస్ట్రిక్టు, ఉత్తరమున అలమో హైట్స్ అను సంపన్నుల శివారు డిస్ట్రిక్టు. రెండును ఒకే కౌంటీలోనివి. 1967-68లో ఎడ్జ్‌వుడ్‌లో విద్యార్థి యొక్కనికి లెక్కగట్టిన ఆస్తి విలువ 5,960 డాలర్లు. అలమో హైట్స్‌లో 49,000 డాలర్లకు పైబడినది. ఎడ్జ్‌వుడ్ ప్రజలు నూరు డాలర్ల ఆస్తికి 1.05 డాలరు పన్ను చెల్లించిరి; ఆ నగర ప్రాంతమంతటను అదే హెచ్చు రేటు. అలమో హైట్స్ వారు చెల్లించినది 85 సెంట్లు మాత్రమే. రాష్ట్ర పథకమునకీయవలసిన వాటా పోను, స్థానికముగా బాలునికి మిగిలినది ఎడ్జ్‌వుడ్‌లో 26 డాలర్లు. అలమో హైట్స్‌లో 333. రాష్ట్ర, కేంద్ర సహాయములు కలిపిన పిమ్మటను 356కును 594కును గల వ్యత్యాసము నిలిచియే యున్నది. బీదవారు హెచ్చు రేటున పన్ను కట్టి తక్కువ చదువు కొనుక్కొనిరన్నమాట. 1963లో ఆరంభమైన మన కేంద్రీయ విద్యాలయములకు ఇరుగుపొరుగు ఇండ్ల ధరతో నిమిత్తము లేదు. బదిలీలపై తిరుగు ఉద్యోగులకు ఇది స్వల్పముగా తోచవచ్చును గాని స్వల్పము కాదు.

1968 మే నెలలో ఎడ్జ్‌వుడ్ హైస్కూలు విద్యార్థులు తరగతులు విడిచి ఊరేగింపుగా బయలుదేరిరి. ఆ వేసవియందే డెమెట్రియో రోడ్రిగెజ్ మొదలగు తల్లిదండ్రులు వ్యాజ్యము వేసిరి. రోడ్రిగెజ్ కెల్లీ వైమానిక స్థావరమున రేకుల పనివాడు. అనగా ఆయనయు కేంద్ర ప్రభుత్వోద్యోగియే. 1971లో దిగువ న్యాయస్థానము వారి పక్షమున తీర్పు చెప్పెను. కాని 1973 మార్చి 21న సుప్రీంకోర్టు అయిదుగురు, నలుగురుగా చీలి ఆ తీర్పును త్రోసివేసెను. తమ రాజ్యాంగము విద్యను ప్రాథమిక హక్కుగా పేర్కొనలేదనుట జస్టిస్ పావెల్ వ్రాసిన తీర్పులో ముఖ్యాంశము. జస్టిస్ థర్‌గుడ్ మార్షల్ తీవ్రముగా విభేదించెను.

సరిగా ఇరువది యేండ్లకు, 1993లో, మన సుప్రీంకోర్టు ఇదే ప్రశ్నను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రతివాదిగానున్న ఉన్నికృష్ణన్ వ్యాజ్యమున విచారించి, పదునాలుగేండ్ల వయస్సు వరకు విద్య ప్రాథమిక హక్కేయని తీర్పిచ్చెను. 2002లో అది రాజ్యాంగమునకెక్కెను. హక్కు కాగితముపై నుండుట వేరు, బడికి కప్పుండుట వేరు అని ఆక్షేపించువారున్నారు. ఆక్షేపణ సబబే. కాని కాగితముపైననులేని హక్కుకై రోడ్రిగెజ్ అయిదేండ్లు కోర్టులో పోరాడవలసివచ్చినది.

ఎడ్జ్‌వుడ్ అంతటితో ఊరకుండలేదు. 1984లో, రాష్ట్ర రాజ్యాంగమును ఆధారము చేసికొని, టెక్సాస్ న్యాయస్థానముననే మరల వ్యాజ్యము వేసెను. 1989లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురును ఏకగ్రీవముగా ఎడ్జ్‌వుడ్ పక్షమున నిలిచిరి. 1993లో చేసిన చట్టము ప్రకారము సంపన్న డిస్ట్రిక్టులు తమ పన్నులో కొంత వదలుకొనవలెను. ధనికులను దోచి బీదలకు పెట్టిన రాబిన్ హుడ్ పేరున జనులు దానిని పిలుచుచున్నారు. తెలుగువారు పెక్కురున్న డల్లాస్ శివారులోని ప్లేనో డిస్ట్రిక్టు పలు సంవత్సరములు అట్లు చెల్లించినదే. తమ యింటి పన్ను పొరుగు బాలుర చదువునకు పోవుటేమని గొణుగువారు అచ్చటను కలరు. రోడ్రిగెజ్ 2013లో మరణించెను; ఆయన వ్యాజ్యము ఆరంభించునాటికి బడిలోనున్న పుత్రుల చదువు ఈ చట్టము రాకమునుపే ముగిసినది.