ఒంటరి కిరాయిదారుకు ఒక్క అర్ర లెక్కేనా?
(బ్రిటన్‌లో ఉంటున్న తెలంగాణ యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిరాయి గోస మనకు కొత్త కాదు. హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు ఒక్క అర్రలో నలుగురం సర్దుకున్నవాళ్ళమే. 'బ్యాచిలర్లకు ఇల్లు ఇయ్యం' అన్న మాట పడ్డవాళ్ళమే. అక్కడ ఆ మాట ఇంటి ఓనరు అన్నాడు. ఇక్కడ ప్రభుత్వ నిబంధనే ఇంకో తీరుగా అంటున్నది. 35 ఏళ్ళు నిండని ఒంటరి మనిషికి ఒక అర్ర చాలు, అంతకు మించిన కిరాయికి సాయం చేయం అంటున్నది. ఆ లెక్క ఎట్లా కడతారో తెలియక ఇల్లు తీసుకుని, తర్వాత అప్పులపాలవుతున్నవాళ్ళు మన మధ్యనే ఉన్నారు. అందుకే ఈ రోజు ఈ లెక్క ఒక్కటే మాట్లాడుకుందాం.

మొదట అడగాల్సిన ప్రశ్న కిరాయి గురించి కాదు, వీసా గురించి. స్టూడెంట్ వీసా, స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాళ్ళకు ప్రభుత్వ నిధుల మీద హక్కు లేదనే షరతు ఉంటుంది. వాళ్ళు ఈ సాయానికి దరఖాస్తు పెట్టుకుంటే వీసా షరతు తప్పినట్టవుతుంది. రేపు వీసా పొడిగింపుకే ఎసరు రావచ్చు. 'ఫారం నింపితే పోయేదేముంది' అనే మాట ఎవరు చెప్పినా వినకండి. అయితే, ఇంట్లో ఒక్కరే పెద్దవాళ్ళుంటే కౌన్సిల్ టాక్స్‌లో ఇచ్చే 25 శాతం తగ్గింపు ఈ ప్రభుత్వ నిధుల కిందికి రాదు. దాన్ని అడిగి తీసుకోవచ్చు. ఇక నేను చెప్పబోయేది బ్రిటిష్ పౌరసత్వమో, ఐఎల్ఆర్ అనే శాశ్వత నివాసమో ఉన్నవాళ్ళ కోసం. మనలో అట్లాంటివాళ్ళు ఇప్పుడు తక్కువేం లేరు.

రెండో మాట. పాతవాళ్ళు 'హౌసింగ్ బెనిఫిట్' అంటారు. పని చేసే వయసువాళ్ళకు ఇప్పుడు ఆ పేరుతో కొత్త దరఖాస్తులు చాలావరకు లేవు. యూనివర్సల్ క్రెడిట్‌లోనే కిరాయి భాగం కలిపి ఇస్తారు. ఫుల్‌టైం చదువుకునేవాళ్ళకు కొన్ని మినహాయింపులు తప్ప అది రాదు. పొదుపు 16 వేల పౌండ్లు దాటితే ఎవరికీ రాదు. 6 వేలు దాటితే కోత మొదలవుతుంది.

ఇక అసలు లెక్క. ప్రైవేటు ఇంట్లో ఉండే ఒంటరి మనిషికి 35 ఏళ్ళు నిండలేదనుకోండి. మీరుండేది సొంత వంటగది, సొంత బాత్‌రూం ఉన్న ఫ్లాటే కావచ్చు. లెక్క మాత్రం పదిమందితో పంచుకునే ఇంట్లో ఒక అర్రకే కడతారు. ఇది 1996లో 25 ఏళ్ళ లోపువాళ్ళకని మొదలైంది. 2012 జనవరిలో ఆ వయసును 35కు జరిపారు. అంటే పదేళ్ళ వయసువాళ్ళను ఒక్క దెబ్బకు సొంత ఇంటి లెక్క నుంచి ఒక్క అర్ర లెక్కకు దించారు.

ఆ అర్రకు ఎంత ఇవ్వాలో ప్రాంతాన్ని బట్టి ఉంటుంది. ఆ ప్రాంతంలోని కిరాయిలను తక్కువ నుంచి ఎక్కువకు వరుసబెట్టి, నూటికి ముప్పయ్యో దగ్గర గీత గీస్తారు. 2011 ఏప్రిల్‌కు ముందు ఆ గీత సరిగ్గా నడుమ ఉండేది. పైగా ఆ రేటు ఏటా పెరగదు. 2016 నుంచి 2020 దాకా కదలలేదు. 2024 ఏప్రిల్‌లో పెంచి, 2025లో మళ్ళీ ఆపేశారు. కిరాయిలు మాత్రం ఎవరి కోసం ఆగుతాయి? మీ పోస్ట్‌కోడ్ కొడితే ఆ రేటు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కనబడుతుంది. చూడడానికి ఐదు నిమిషాలు పట్టదు.

ఉదాహరణకు 28 ఏళ్ళ తమ్ముడు ఒకడున్నాడనుకుందాం. కిరాయి నెలకు 800 పౌండ్లు. ఆ ప్రాంతంలో అర్ర రేటు 500 అనుకుందాం. 2025-26లో 25 ఏళ్ళు దాటిన ఒంటరి మనిషికి ఇచ్చిన మూల భత్యం నెలకు 400.14 పౌండ్లు. 25 లోపైతే 316.98 మాత్రమే. 400కు 500 కలిపితే 900. తమ్ముడు పార్ట్‌టైం చేసి పన్నులు పోను 600 సంపాదిస్తున్నాడు. ప్రతి పౌండుకు 55 పెన్నీల చొప్పున 330 కోస్తారు. చేతికి వచ్చే సాయం 570. జీతంతో కలిపి 1,170. కిరాయి కట్టినంక 370 మిగులుతుంది. తిండి, కరెంటు, బస్సు అన్నీ అందులోనే. అదే 500 పౌండ్ల అర్రలో ఉంటే 670 మిగిలేది. కిరాయి 450 అయితే లెక్కలోకి 450నే తీసుకుంటారు, మిగిలిన 50 మనకియ్యరు.

ఈ నిబంధన అందరికీ వర్తించదు. కౌన్సిల్, హౌసింగ్ అసోసియేషన్ ఇళ్ళలో ఉండేవాళ్ళకు లేదు. ప్రభుత్వ సంరక్షణలో పెరిగినవాళ్ళకు 25 ఏళ్ళ దాకా లేదు. నిలువ నీడలేక ప్రత్యేక హాస్టళ్ళలో మూడు నెలలు ఉన్నవాళ్ళకు, గృహహింసకు గురైనవాళ్ళకు, వికలాంగుల భత్యంలో రోజువారీ అవసరాల భాగం అందుకునేవాళ్ళకు కూడా మినహాయింపు ఉన్నది. అయితే అది నిరూపించుకోవాలి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఆఫీసు పెడుతుందా?

మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇంకో చోట. సొంత అన్న ఇంట్లోనో, అక్క ఇంట్లోనో వాళ్ళతో కలిసి ఉంటూ నెలనెలా కిరాయి ఇస్తుంటారు. అది ఎంత నిజమైన కిరాయి అయినా ఈ లెక్కలోకి రాదు.

నౌకరి పోయిన రోజునే దరఖాస్తు పెట్టండి. సిగ్గుపడి నెల రోజులు ఆగితే ఆ నెల పోయినట్టే. వెనకటి తేదీ నుంచి ఇవ్వడం అరుదు. మొదటి పైసలు రావడానికి ఐదు వారాలు పడుతుంది. అప్పటిదాకా ముందస్తు సొమ్ము అడగవచ్చు గానీ అది అప్పే, తర్వాత కోసుకుంటారు. కిరాయికీ రేటుకూ మధ్య తేడా కోసం స్థానిక కౌన్సిల్‌ను అదనపు సాయం అడగండి. అది వాళ్ళ విచక్షణ, హక్కు కాదు. అయినా అడగండి.

మిత్రులారా! 34 ఏళ్ళ మనిషికీ 35 ఏళ్ళ మనిషికీ ఆకలి ఒకటే, చలి ఒకటే. గీత గీసినవాళ్ళకు ఖజానా లెక్క ఉన్నది. మన లెక్క మనకుండాలి. ఇంటి అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకముందే ఆ ప్రాంతం రేటు చూడండి. నౌకరి పోతే ఎన్ని నెలలు నిలబడగలమో కాగితం మీద వేసుకోండి. వీసా మీద వచ్చిన తమ్ముళ్ళకు దరఖాస్తు పెట్టొద్దని చెప్పండి, హక్కున్నవాళ్ళను వదులుకోవద్దని చెప్పండి. అన్యాయమైన నిబంధనను ప్రశ్నించాలన్నా ముందు దాని లెక్క మన నాలుక మీద ఉండాలి.