మారికుప్పం పాత గుంతలు: కోలారు బంగారు గనుల చరిత్రకు మొదటి గుర్తులు

ఈ స్మారకనిధి ఎవరి పేరిట వెలిసిందో ఆ మాస్టారు నాకు చెప్పింది చరిత్ర కాదు, లెక్కలు. జవాబు సరిపోయినా నడుమ ఒక మెట్టు ఎగరగొడితే మార్కులు కోసేసేవారు. కోలారు గనుల చరిత్రలోనూ ఒక మెట్టు ఎగరగొట్టారని నేను చాలాకాలంగా వాదిస్తున్నాను. ఆ వాదనకు ఆయన పేరున్న సభే తగిన చోటు.

అందరికీ తెలిసిన కథను తొందరగా దాటేస్తాను. న్యూజిలాండు యుద్ధాల్లో పనిచేసి బెంగళూరులో స్థిరపడిన ఐరిష్ సైనికుడు లావెల్ 1871లో ఈ ప్రాంతానికి వచ్చాడు. 1875లో తవ్వకానికి అనుమతి సంపాదించాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. 1956లో గనులు ప్రభుత్వపరమయ్యాయి, 2001లో మూతపడ్డాయి.

నా తగవు ‘కనుగొన్నాడు’ అన్న మాటతో. లావెల్ దేన్ని కనుగొన్నాడు? అతన్ని ఇక్కడికి రప్పించింది అంతకు దాదాపు డెబ్బయ్యేళ్ల ముందటి నివేదిక. 1802లో మైసూరు తూర్పు సరిహద్దు సర్వేకు వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్, ఎర్రకొండ పరిసరాల్లో బంగారం ఉందని విని, చూపించినవాళ్లకు బహుమతి ప్రకటించాడు. ఊరిగాం రైతులు బండ్లకు మట్టెత్తుకొచ్చి అతని ఎదుటే కడిగి బంగారం తీశారు. మారికుప్పంలో మనుషులు గుంతల్లోకి దిగి రాయి పైకి పంపడం, ఆడవాళ్లు దాన్ని బండల మీద పొడిచేసి చెక్కపలకల మీద కడగడం అతను చూసి రాశాడు. గుంతల్లోకి దిగినవాళ్లు ఊరు అంటరానివాళ్లుగా వెలివేసిన కులం వాళ్లు. సాక్ష్యం తెల్లదొరదే. అయినా ఆ పుటను మన చరిత్రకారులు పీఠికలో రెండు వాక్యాలతో సరిపెడుతూ వచ్చారు.

నా మాటకు మూడు అభ్యంతరాలు వచ్చాయి. వాళ్లు పైపైన గీకారే తప్ప గని తవ్వలేదన్నది మొదటిది. పురాతత్వవేత్త ఆల్చిన్ 1962లో ప్రాచీన భారత బంగారు తవ్వకాల మీద రాసిన వ్యాసం చదివినవాళ్లు ఈ మాట అనలేరు. ఇదే దక్కనులోని హట్టిలో పాత తవ్వకాలు 640 అడుగుల లోతు దాకా పోయాయి. ఇక కోలారు సంగతి. 1883 నాటికి జాన్ టేలర్ నడిపిన మైసూరు బంగారు గనుల కంపెనీ డబ్బు దాదాపు ఆవిరైంది, వాటాదారులు మూసేద్దామన్నారు. కంపెనీ తరఫున కెప్టెన్ ప్లమ్మర్ పాత గుంతల కిందికి తవ్వించాకే బంగారమున్న ఛాంపియన్ పొర దొరికింది. పొర ఉన్న చోటును ఆ గుంతలు తవ్వినవాళ్లు ముందే పట్టుకున్నారు.

1859లో మైసూరు ప్రభుత్వం భూగర్భ తవ్వకాన్ని నిషేధించింది కదా, జనం చనిపోతున్నారనే కదా అన్నది రెండో అభ్యంతరం. మరణాలు నిజమే. అయితే పదహారేళ్లకే అదే నేలలో తవ్వే హక్కు ఒక పరదేశికి ఎలా దక్కింది? కంపెనీల కాలంలో రాళ్లు పేలి ఎందరో చనిపోయారు, గనులు మాత్రం మూతపడలేదు. 1859 నిషేధం ప్రమాదాన్ని ఆపలేదు, తవ్వేవాళ్లను మార్చింది. పాతవాళ్ల పని నేరమైంది. అవే కులాల జనం చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి కూలీలుగా తిరిగి వచ్చారు. కోలారు చరిత్రలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ పదహారేళ్లే.

పెట్టుబడి, యంత్రాలు లేకుంటే పరిశ్రమే లేదన్నది మూడోది. ఒప్పుకుంటాను. పరిశ్రమకు పునాదిరాయి వేసినవాళ్లను కనుగొన్నవాళ్లుగా లెక్కించడానికి మాత్రం ఒప్పుకోను.

ఇది పుస్తకాల్లో తేలిపోయే తగవు కాదు. నేడు గనుల ఊరి వారసత్వ స్థలాలంటే దొరల క్లబ్బు, గోల్ఫ్ మైదానం, బంగళాలు, చర్చిలు, షాఫ్టుల మీది ఇనుపగోపురాలు. వాటిని కాపాడాల్సిందే. మారికుప్పం గుంతలకు మాత్రం ఒక రాతిపలకైనా రావాలి. 1930, 1946 సమ్మెల్లో నిలబడ్డ కూలీ లైన్లకూ రావాలి. చరిత్రకారిణి జానకి నాయర్ 1998లో ఆ కార్మికుల చరిత్ర పుస్తకంగా రాశారు. ఆ చరిత్ర నేల మీద కూడా కనబడాలి.

అందుకే నేనిప్పుడు పాత గుంతల పటం తయారుచేస్తున్నాను. అది కోలారు దగ్గర ఆగదు. బంగారమున్న అదే శిలాపట్టీ దక్షిణాన మన కుప్పం ప్రాంతపు చిగురుగుంట, బిసానత్తం దాకా సాగుతుంది. కంపెనీ సర్వే పటాల్లో పాత తవ్వకాలని గుర్తుపెట్టిన చోట్లను పల్లెల్లో పెద్దవాళ్లు చూపిస్తున్న చోట్లతో పోలుస్తున్నాను. బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడు దిబ్బలను మళ్లీ తవ్వి మిగిలిన బంగారం తీయాలన్న ప్రయత్నాలు సాగుతున్నాయి కాబట్టి ఈ పని త్వరగా కావాలి. దిబ్బల కిందో పక్కనో ఉన్న గుంతలు యంత్రాలు రాకముందే నమోదు కావాలి.

ఈ సభలో గనుల్లో పనిచేసిన కుటుంబాలవాళ్లు ఉన్నారు. తాతల హాజరు చీటీలు, లైన్లలో ఇంటి నంబర్లు, ఏ షాఫ్టులో దిగేవారో ఇంట్లో చెప్పుకున్న మాటలు ఏవున్నా నాకు చూపించండి. కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి, నకలు తీసుకుంటాను. పటంలో ఆ చోటు పక్కన మీ తాతల పేర్లు వేస్తాను.