అంధ గాయక గురుపరంపర
(వార్షిక మహాసభలో చదివిన ఉపన్యాసము)

ఏటేట ఈ వేదికనుండి మన విద్యానిధినిగూర్చి ముచ్చటించుచున్నాము. ఈ దినమున ఆ నిధి కంటఁబడని పిల్లలనుగూర్చి, అనఁగా చూపులేని పిల్లలనుగూర్చి, రెండు మాటలు మనవి చేయఁదలఁచితిమి.

ముందుగా మా తప్పు చెప్పుకొందుము. మేము ఉపాధ్యాయులమై యున్న కాలమున ఒక పేదతల్లి తన అంధబాలుని మా తరగతికిఁ గొనివచ్చెను. నల్లబల్ల చూడలేనివానికి చదువెట్లు చెప్పఁగలమని పంపివేసితిమి. వాఁడు కొన్నాళ్లు వసారాలోఁ గూర్చుండి, మేము లోపల వల్లె వేయించు రామశబ్దమును తప్పులేక అప్పగించుచుండెను. వినియు మేము పిలువమైతిమి. వేదమునకు శ్రుతి యని పేరనియు, పూర్వులు దానిని చెవితోనే నేర్చిరనియు బోధించు మాకే ఆ మాట స్ఫురింపకపోయెను.

మేము చేయని పనిని కన్నడదేశమున హానగల్లు కుమారస్వాములవారు చేసిరి. పుట్టుకతోనే చూపులేని గదిగెయ్య యను బాలునిఁ జేరదీసి సంగీతము చెప్పించిరి. 1892లో జన్మించిన ఆ బాలుఁడే పంచాక్షరి గవాయిగారు. ఆయన కర్ణాటక హిందూస్థానీ పద్ధతులు రెంటను ఆరితేరి, గదగులోని వీరేశ్వర పుణ్యాశ్రమమున శిష్యులకు అన్నము పెట్టి గానము నేర్పిరి. చూపుగల బసవరాజ రాజగురుగారును వారియొద్ద నేర్చి ప్రసిద్ధ గాయకులైరి.

1914లో జన్మించిన పుట్టరాజ గవాయిగారును పసితనముననే చూపు గోల్పోయిరి. గురువుగారు 1944లో పరమపదింపఁగా ఆశ్రమభారము వహించిరి. గాత్రమేకాక పెక్కు వాద్యములు నేర్చిరి. కన్నడ సంస్కృత హిందీ భాషలలో గ్రంథములు రచించిరి. నాటకసమాజము నడపి విద్యార్థులను పోషించిరి. 2010లో పద్మభూషణ పురస్కారము నొంది, ఆ యేఁడే సెప్టెంబరు 17న దివంగతులైరి.

సోదరులారా, ఇది అద్భుతమని చేతులు జోడించి యూరకుండిన ప్రయోజనము లేదు. సంగీతము గురుముఖమున నేర్వవలసిన విద్య. తంబురాశ్రుతి చెవికి, తాళము చేతికి. గురువు ఒక సంగతి పాడును. శిష్యుఁడు పదిమాఱులు పాడి నిలుపుకొనును. ఇందుఁ గంటికిఁ గల పని స్వల్పము. కావలసినవి ఓపికగల గురువు, రెండు పూటల అన్నము, పది పండ్రెండేండ్ల గడువు. చూపులేని ప్రతి బాలుఁడును గాయకుఁడు గావలెనని మా భావము గాదు. రుచి గలవానికి సంగీతము, తక్కినవారికి బ్రెయిలు లిపితో వారికిఁ దగిన చదువు.

కావున మన వసతిగృహమున ఏటేట ఒక్క స్థానమైనను, మార్కులతో నిమిత్తము లేక, అట్టి బాలునికో బాలికకో కేటాయింపుఁడని వేఁడుచున్నాము. ఇందులకు మా పింఛనులో ఒక నెల మొత్తమును తొలి చందాగా సమర్పించుచున్నాము. ఆ వసారాలోని బాలుఁడు మరల మాకుఁ గానరాలేదు. మఱియొకఁడు మన గుమ్మమునుండి తిరిగి పోకుండుఁగాక.