లారీ ఇంజను నీటి రంగు ఏమి చెబుతుంది?

(భేస్తాన్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



మనము కూర్చున్న ఈ భేస్తాన్, ముంబై–అహమ్మదాబాద్ ప్రధాన రైలు మార్గముపై, ఉధ్నాకు సచిన్‌కు నడుమ ఉన్నది. ఈ చుట్టుపట్ల మగ్గాలపై తయారైన గుడ్డ పెద్ద యెత్తున లారీలలో తరలిపోతున్నది. ఉధ్నా, లింబాయత్ ప్రాంతాలలో స్థిరపడిన మన తెలుగు నేత కుటుంబాలలో మగ్గము విడిచి స్టీరింగు పట్టినవారు కూడ ఉన్నారు. తపాలా శాఖలో మెయిల్ మోటారు సర్వీసు బండ్లు నడిపేవారు, రైల్వేలో టవర్ వాగన్లను, డీజిల్ జనరేటర్లను చూచుకొనేవారు మన సోదరులే. వీరందరికీ ఎదురయ్యే ఒక చిక్కును గూర్చి ఈనాడు మాట్లాడదలచినాము.

ఇంజను వేడెక్కి బండి దారిలో నిలిచిపోతుంది. మూత తీసి చూస్తే లోపలి నీరు మురికిగా ఉంటుంది. “ఏ నీరు దొరికితే ఆ నీరు పోశావు, అందుకే ఇంజను పోయింది” అన్న మాట మొదట డ్రైవరు మీదనే పడుతుంది. హెడ్ విప్పే ఖర్చు అతని జీతములో కోతగా మారవచ్చును. శాఖలో అయితే సంజాయిషీ నోటీసు వస్తుంది. ఈలోగా మెకానిక్కు కాక్ త్రిప్పి ఆ నీటినంతా కాలువలోకి వదలివేస్తాడు. డ్రైవరు పక్షాన చెప్పవలసిన సాక్షి ఆ నీరే. దానిని చదువకుండా పారబోయరాదని చెప్పుటకే మేము వచ్చినాము.

కూలంట్ అంటే నీరు, ఇథిలీన్ గ్లైకాల్, తుప్పును నిరోధించే రసాయనాలు కలిసిన ద్రవము. ఆకుపచ్చ, ఎరుపు, నీలము వంటి రంగులు తయారీదారు కలిపిన అద్దకము మాత్రమే. ఒకే రంగున్న రెండు కంపెనీల సరుకు ఒకటే అని తలచుట పొరపాటు. రంగు నిలిచియున్నంత మాత్రాన నిరోధక రసాయనము మిగిలియున్నదనీ చెప్పలేము. ఈ సంగతి రైల్వేవారికి కొత్త కాదు. 1995లో బ్రాడ్‌గేజిపై ఆవిరి ఇంజన్ల కాలము ముగిసేవరకు బాయిలరును నిర్ణీత గడువులో కడుగుట ఎంత ముఖ్యమైన పనియో కాజీపేట వంటి షెడ్లలో పనిచేసిన పెద్దలకు తెలుసు. లారీ డీజిల్ ఇంజనులో మరొక బాధ కూడ ఉన్నది. లైనరు కంపించినపుడు దాని వెలుపలి గోడనంటి సన్నని బుడగలు పుట్టి పగులుతూ లోహమునే తొలిచివేస్తాయి. ఒట్టి నీరు దీనిని ఆపలేదు.

ఇక రంగుల సంగతి. ఇటుక రంగు, గోధుమ రంగు అయితే అది తుప్పు. నిరోధకము అయిపోయినదని, లేక పదే పదే ఒట్టి నీరు పోసినారని అర్థము. అయితే పదే పదే ఎందుకు పోయవలసి వచ్చినది? మూత రబ్బరు చెడినదా, పంపు సీలు కారుచున్నదా, హోసు పగిలినదా? కారుటను ఎవరు ఎన్నడు వ్రాతపూర్వకముగా తెలిపినారు, ఎవరు బాగుచేయలేదు? సగము విచారణ ఇక్కడే తేలిపోతుంది. తెల్లని పెళుసు పొర కనిపిస్తే అది బోరు నీటిలోని ఉప్పుల పేరుకుడు.

పాలు కలిపిన కాఫీ వలె ఉంటే నూనె కలిసినది. వెంటనే హెడ్ గ్యాస్కెట్ అని తీర్పు చెప్పేవారు మనకు చాలామంది కనిపిస్తారు. వారి మాట ఆగి వినవలెను. అనేక లారీ ఇంజన్లలో ఆయిల్ కూలరు నీటిలోనే మునిగియుంటుంది. ఇంజను నడుస్తున్నప్పుడు నూనె ఒత్తిడి నీటి ఒత్తిడికంటె అధికము గనుక కూలరు చిల్లిపడితే నూనె నీటిలోకి వస్తుంది. ఇంజను ఆపిన తరువాత నీటికే ఒత్తిడి మిగులుతుంది గనుక నీరు నూనెలోకి పోతుంది. అందుచేత డిప్‌స్టిక్ కూడ చూడవలెను. కూలరును ఒత్తిడి పెట్టి పరీక్షించిన పిమ్మటనే హెడ్ మీద చేయి వేయవలెను.

రేడియేటరు గొంతులో ఎడతెగని బుడగలు వస్తే దహన వాయువు చొరబడినదని అనుమానించవచ్చును. చల్లని ఇంజనును మూత తీసి స్టార్టు చేసినప్పుడే ఈ పరీక్ష చేయవలెను. ఇక్కడ కూడ తొందర కూడదు. బ్రేకులకు గాలినిచ్చే కంప్రెసరు కూడ చాల బండ్లలో ఈ నీటితోనే చల్లబడుతుంది. దాని గ్యాస్కెట్ చెడినా బుడగలే వస్తాయి. కంప్రెసరుకు నీటి మార్గము తప్పించి చూస్తే తేడా తెలిసిపోతుంది. ఒకటి కొద్ది గంటల పని, రెండవది ఇంజను విప్పే పని.

కావున చేయవలసినది ఇది. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత శుభ్రమైన గాజు సీసాలో కొంత ద్రవము తీసి, తేదీ, నడిచిన కిలోమీటర్లు వ్రాసి, ఇద్దరి సంతకాలతో ఒక రాత్రి కదలకుండా ఉంచవలెను. తెల్లవారేసరికి తుప్పు అడుగున, నూనె పైన చేరుతుంది. జిగురువలె ముద్దకట్టి ఉంటే, పొసగని రెండు రకాల కూలంట్ కలిపినారని అనుమానించవలెను.

కారణము తెలిసి, బాగుచేసిన తరువాతనే ఫ్లషింగు. వేడి ఇంజను మూత తీయరాదు; వేడి ఇంజనులో చల్లని నీరు పోయరాదు, హెడ్ పగులుతుంది. రేడియేటరు కాక్‌తోపాటు బ్లాకు కాక్ కూడ విప్పవలెను. దీనిని మరచినందుననే చాల ఫ్లషింగులు వృథా అగుచున్నవి. మంచినీరు నింపి, థర్మోస్టాట్ తెరచుకొనేంత వరకు ఇంజను నడిపి, చల్లార్చి, వదలివేయవలెను. నీరు తేటగా వచ్చేవరకు ఈ విధముగా మరల మరల చేయవలెను. తుప్పుకు ఒక రకము, నూనెకు మరొక రకము శుద్ధి రసాయనము ఉన్నది. బట్టల సబ్బుపొడి వేస్తే నురగ మిగిలి వేరొక తంటా తెస్తుంది.

“మన దేశపు ఎండలకు థర్మోస్టాట్ దేనికి?” అని దానిని పీకి పారవేయుట ఒక ఆచారమైనది. ఇది తెలివి కాదు. చాల ఇంజన్లలో బైపాసు దారిని మూసేది కూడ అదే. అది లేనప్పుడు కొంత నీరు రేడియేటరుకు పోకుండానే తిరుగుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను మరింత కాగుతుంది.

చివర నింపేటపుడు ఒక చిన్న లెక్క గమనించండి. ఎంత వదిలినా బ్లాకులో కొంత నీరు మిగులుతుంది. సగము సగము కలపవలసియుంటే, మొత్తము పట్టే పరిమాణములో సగము గాఢ కూలంట్‌ను ముందు పోసి, ఆపైన అయాన్లు తీసిన నీటితో నింపవలెను. అప్పుడే పాళ్లు సరిగా వస్తాయి. గాలి తీసివేసి, రిఫ్రాక్టోమీటరుతో చూచి, లాగ్‌బుక్కులో ఎన్ని లీటర్లు, ఏ రకము పోసినదీ వ్రాయించవలెను. దారిలో ఒక్క లీటరు పోసినా వ్రాయవలెను. కూలంట్, మంచి నీటి డబ్బా బండిలో ఇవ్వని యజమాన్యము, దారిలో కుళాయి నీరు పోసిన డ్రైవరును తప్పుపట్టుట న్యాయము కాదని మేము గట్టిగా చెప్పగలము. చేతిలో ఆ పుస్తకము ఉంటే మరింత గట్టిగా చెప్పగలము.

వదలిన కూలంట్‌ను నేల మీద గాని, సూరత్‌లో ఖాడీలని పిలిచే వాగులలో గాని పోయరాదు. గ్లైకాల్ తీయగా ఉంటుంది. కుక్కలు, పశువులు నాకుతాయి, పిల్లలు త్రాగే ప్రమాదమున్నది, అది ప్రాణాంతక విషము. మూత గల డబ్బాలో పోసి, పేరు వ్రాసి, వాడిన నూనెతో కలపకుండా వేరుగా ఉంచి, వ్యర్థాలు సేకరించే అనుమతి గలవారికి అప్పగించవలెను. త్రాగునీటి సీసాలో మాత్రము, ఒక పూటకైనా సరే, ఉంచవద్దు.