మేఘంలో 178 సెకన్లు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరువి కదా, యంత్రాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు మిత్రులు. చిన్న విమానాల గురించి చెబుతాను. వాటి ప్రమాదాల్లో చాలాసార్లు చెడేది యంత్రం కాదు, మనిషి అంచనా.

1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వారు ఒక పరీక్ష చేశారు. పరికరాలను మాత్రమే చూసి నడిపే శిక్షణ లేని 20 మందికి, మేఘంలో ఉన్నట్టు బయట ఏమీ కనబడకుండా చేసి విమానం అప్పగించారు. 20 మందీ అదుపు కోల్పోయారు. అందుకు సగటున పట్టింది 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా లేదు!

కారణం మన చెవిలోనే ఉంది. లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళాల బొమ్మ ఇక్కడే సైన్సు తరగతిలో గీశాం. మలుపు ఒకే వేగంతో సాగితే, కాసేపటికి వాటిలోని ద్రవం కూడా నాళంతో పాటే తిరుగుతుంది. అప్పుడు విమానం ఒరిగి కిందికి జారుతున్నా, తిన్నగా పోతున్నట్టే అనిపిస్తుంది. 1999 జూలై 16 రాత్రి జాన్ ఎఫ్. కెనడీ జూనియర్ నడిపిన చిన్న విమానం అట్లాంటిక్‌లో కూలింది. కింద సముద్రం, చుట్టూ చీకటి, మసక. యంత్రలోపం ఏదీ దర్యాప్తులో కనబడలేదు.

రెండోది ధ్యాస. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారితో బేగంపేట నుంచి బయలుదేరిన హెలికాప్టర్ నల్లమలలో కూలి అయిదుగురు మరణించారు. ప్రతికూల వాతావరణంతో పాటు విచారణ సంఘం ఇంకో మాట చెప్పింది. చివరి నిమిషాల్లో పైలట్ల ధ్యాస ఆయిల్ వ్యవస్థ సమస్యను సరిచేయడం మీదే ఉండిపోయిందని. అందుకే పైలట్లకు మొదట నేర్పే పాఠం: ముందు విమానాన్ని నడుపు, తర్వాతే మిగతావన్నీ. ఇద్దరున్నచోట ఒకరు సమస్య చూస్తే, రెండోవారు నడపడం తప్ప ఇంకేదీ పట్టించుకోకూడదు.

మనలో అధికారులున్నారు, వ్యాపారులున్నారు, రాజకీయాల్లో ఉన్నవారూ ఉన్నారు. పైలట్ "ఇవాళ వద్దండి" అంటే మీటింగుకు ఆలస్యమవుతుందని ఒత్తిడి చేయకండి. ఆ "వద్దు" అనడానికి అతనికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

గురువులకు ఒక్క విన్నపం. పెద్దలకు ఎదురు చెప్పకూడదని మన పిల్లలకు నేర్పుతాం. మంచిదే. కానీ కాక్‌పిట్‌లో జూనియర్ మొహమాటపడితే ప్రాణాలు పోతాయి. "మాస్టారూ, ఆ లెక్కలో గుర్తు తప్పిందండీ" అని వినయంగా చెప్పే పిల్లవాణ్ని మెచ్చుకోండి. రేపు వాడే ఏ కాక్‌పిట్‌లోనో, ఏ ఆపరేషన్ థియేటర్‌లోనో పెద్దాయనతో "సార్, ఒక్కసారి చూడండి" అనగలుగుతాడు.

సెలవు.