ఉప్పునీటి గాలపు వేటకు సన్నాహము

చెరువు గట్టున గాలము వేయుట మన చిత్తూరు సీమవారికి కొత్త కాదు; సముద్రపు గాలము వేరు. చంద్రగిరి ప్రాంతపు కొండలలో పుట్టిన స్వర్ణముఖి శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా పోయి బంగాళాఖాతమును చేరును. 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో ఆ తీరము కూడ చేరినది. ఈ చలికాలమున తూపిలిపాళెము తీరమునకు తొలిసారి వేటకు పోవ సంకల్పించితిమి.

కొక్కెమునకు ఈకలు, దారము చుట్టి కట్టిన ఎర మంచినీట ఈగను పోలియుండును. ఉప్పునీట అది చిన్న చేపనో రొయ్యనో పోలవలెను. ఉప్పు ఇనుమును తినును గనుక తుప్పుపట్టని ఉక్కు కొక్కెములనే కొంటిమి. తిరిగి వచ్చిన రాత్రియే గాలపు కర్రను, దారపు చక్రమును మంచినీట కడిగి ఆరబెట్టవలెను.

అక్టోబరు మొదలు డిసెంబరు వరకు మన తీరమునకు వాయుగుండముల భయము కలదు. వాతావరణశాఖ హెచ్చరిక వినబడినచో ప్రయాణము మానుదుమని ఇంటివారికి మాట ఇచ్చితిమి.

పులికాటు సరస్సు పక్షులకు రక్షితస్థలము. అచట పక్షులను చూచెదము గాని గాలము వేయము.

ఇక తీరమున వల మత్స్యకారులకు జీవనము, గాలము మనకు వినోదము. వారి వల ఉన్నచోట మన కొక్కెము పడరాదు. ఎచ్చట కాలు నిలుచునో, ఎచ్చట ఇసుక జారునో వారిని అడిగిన పిమ్మటనే నీట దిగవలెను.